తొలి వసంతపు పూలు, నిలకడలేని వాతావరణం: దేనికి కప్పు వేయాలి, దేన్ని వదిలేయాలి?

ప్రశ్న: కొత్తతోట

అందరికీ నమస్కారం. చలికాలంలో నేల గడ్డకట్టే ప్రాంతంలో ఇంటితోట చూసుకోవడం నాకు ఇదే మొదటిసారి. తోటను పాత యజమానులు పెంచారు కాబట్టి, ఏ మొక్క ఎక్కడ ఉందో అది నేలలోంచి తల ఎత్తినప్పుడే నాకు తెలుస్తోంది. చలికాలం ఇంకా ముగియకుండానే ఈమధ్య ఎండ బాగా కాసి, పగటిపూట 15 డిగ్రీల దాకా వేడెక్కింది. దానితో గోడ వారగా స్నోడ్రాప్‌లు గుంపులు గుంపులుగా పూశాయి, గడ్డిలో ఊదారంగు క్రోకస్‌లు విచ్చుకున్నాయి, డాఫడిల్ ఆకులు జానెడు ఎత్తు లేచి వాటి మధ్య మొగ్గలు కూడా కనిపిస్తున్నాయి. తూర్పు గోడ పక్కనున్న మాగ్నోలియా పూలచెట్టుకు మొగ్గల మీది నూగుపొర చిట్లి, లోపలి తెల్లని రేకుల అంచులు బయటకు వచ్చాయి. పెరటి ఆపిల్ చెట్టు మొగ్గలు ఉబ్బి, కొసలు వెండిరంగుకు తిరిగాయి.

ఇప్పుడేమో ఈ వారాంతం నుంచి రాత్రివేళ సున్నాకు దిగువన 5, 6 డిగ్రీలకు పడిపోతుందని వాతావరణ సూచన చెబుతోంది. తోటంతటినీ దుప్పట్లతో కప్పడం నావల్ల అయ్యే పని కాదు. అందుకని తప్పనిసరిగా కాపాడవలసినవి ఏవి, వాటి మానాన వదిలేయవలసినవి ఏవి అన్నది తెలిసినవారు చెప్పగలరా? వాకిట్లో ట్యులిప్‌లు వేసిన రెండు పెద్ద కుండీలు కూడా ఉన్నాయి. చలికి ముందు నీళ్లు పోయవచ్చా అన్నది మరో సందేహం.

సమాధానం: దుంపలపిచ్చి

కొత్తతోట గారూ, మీ పట్టికలో చూడగానే జాలి పుట్టించే మొక్కలే నిజానికి అన్నిటికన్నా మొండివి. స్నోడ్రాప్, క్రోకస్, డాఫడిల్‌ల గురించి మీరు బెంగ పెట్టుకోనవసరం లేదు. ఇవి ఎండకు మోసపోయి తొందరపడిన మొక్కలు కావు. చెట్లు ఆకు తొడిగి నీడ కమ్మేలోపు పూసి, ఆకుతో ఆహారం కూడబెట్టుకుని, మళ్లీ దుంపలోకి ముడుచుకోవడమే వాటి జీవన పద్ధతి. కనుక చలి మధ్యలో పూయడానికి కావలసిన సరంజామా అంతా వాటిలో ముందే ఉంటుంది.

గడ్డకట్టిన రాత్రి గడిచాక తెల్లవారి స్నోడ్రాప్‌లను చూస్తే మీకు గుండె జారిపోవచ్చు. వేడినీళ్లు పోసినట్టు ఆకులూ కాడలూ నేలకు అతుక్కుని పడి ఉంటాయి. ముట్టుకుంటే ఆకు గాజులా గట్టిగా, ముదురు ఆకుపచ్చగా తగులుతుంది. చలి ముదిరినప్పుడు కణాల్లోని నీరు కొంత బయటకు వచ్చి కణాల మధ్య ఖాళీల్లో గడ్డకడుతుంది. లోపల మిగిలిన రసంలో చక్కెరలు చిక్కబడతాయి కాబట్టి అది అంత తేలికగా గడ్డకట్టదు. కణం బిగువు కోల్పోతుంది గనుక మొక్క వాలిపోతుంది, కాని కణం పగలదు. ఎండ వచ్చి మంచు కరిగాక నీరు తిరిగి లోపలికి చేరుతుంది, మధ్యాహ్నానికల్లా కాడలు నిటారుగా లేస్తాయి. హెల్లెబోర్ అనే పూలమొక్క కూడా సరిగ్గా ఇలాగే పడి లేస్తుంది, మీ తోటలో ఎక్కడైనా అది బయటపడితే కంగారుపడకండి. ఇక్కడ పాటించవలసిన జాగ్రత్త ఒక్కటే: గడ్డకట్టి ఉన్న సమయంలో వాటిని తాకవద్దు, నిలబెట్టాలని ప్రయత్నించవద్దు, ఆ గడ్డి మీద నడవవద్దు. బిగిసిన ఆకు వంగదు, విరుగుతుంది.

క్రోకస్‌ది మరో ఉపాయం. దాని రేకుల లోపలి వైపు వెచ్చదనానికి వేగంగా పెరుగుతుంది, అప్పుడు పువ్వు విచ్చుకుంటుంది. చల్లబడితే బయటి వైపు పెరుగుదల ముందుకు వస్తుంది, పువ్వు మూసుకుంటుంది. మబ్బు పట్టిన రోజున అవి రోజంతా ముడుచుకుని ఉన్నాయంటే జబ్బు చేసిందని కాదు, లోపలి పుప్పొడిని తడవకుండా దాచుకున్నాయని అర్థం.

డాఫడిల్ ఆకుల కొసలు కాస్త గోధుమరంగుకు తిరగవచ్చు. అది చూడడానికి బాగుండదు తప్ప, దుంపకూ పువ్వుకూ దానివల్ల నష్టం లేదు. మొగ్గ ఇంకా ఆకుపచ్చగా, నిటారుగా, పొర విప్పకుండా ఉంటే మీరు చెప్పిన చలిని తట్టుకుంటుంది. ఇప్పటికే విచ్చుకున్న పూలు ఉంటే మాత్రం ముందురోజు సాయంత్రం కోసి ఇంట్లో నీళ్లలో పెట్టుకోండి. పువ్వు కోసినందువల్ల దుంపకు నష్టం ఉండదు, ఆకు కోస్తేనే ఉంటుంది.

కుండీల సంగతి వేరు. నేలలో ఉన్న దుంపకు చలి పైనుంచి మాత్రమే దిగుతుంది, కుండీలో ఉన్నదానికి అన్ని వైపుల నుంచీ దిగుతుంది. మట్టి మొత్తం రాయిలా గడ్డకడితే వేళ్లు దెబ్బతింటాయి, ఆ నీరు లోపలే చిక్కుకుంటే కరిగాక దుంప కుళ్లుతుంది. కాబట్టి ఆ చలి రాత్రులన్నీ కుండీలను ఇంటి గోడకు ఆనించి పెట్టడమో, వేడి చేయని షెడ్డులోకో గ్యారేజీలోకో చేర్చడమో చేయండి. వెచ్చని గదిలోకి మాత్రం తీసుకురావద్దు. అక్కడ కాడలు పీలగా సాగి, మళ్లీ బయట పెట్టేసరికి చలికి నిలబడలేకపోతాయి.

సమాధానం: పండ్లచెట్టు

పైవారు దుంపల గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే. అయితే మీరు నిజంగా సమయం వెచ్చించవలసింది చెట్ల మీద, అందులోనూ ఆపిల్ కన్నా ముందు మాగ్నోలియా మీద.

చలి ఎన్ని డిగ్రీలు అన్న ప్రశ్నకు, మొగ్గ ఏ దశలో ఉంది అన్నది చూడకుండా జవాబు చెప్పలేము. ఆపిల్‌నే తీసుకోండి. మొగ్గ కొస వెండిరంగులో ఉన్న దశలో పదింట ఒక మొగ్గ చనిపోవాలంటే ఉష్ణోగ్రత దాదాపు సున్నాకు దిగువన 9 డిగ్రీల దాకా దిగాలి. అదే చెట్టు, అదే మొగ్గ, ఆకుపచ్చ కొస కనిపించేసరికి ఆ హద్దు సుమారు 8 డిగ్రీలకు, అర అంగుళం ఆకు బయటపడేసరికి 5 డిగ్రీలకు తగ్గిపోతుంది. పువ్వు పూర్తిగా విచ్చాక సున్నాకు దిగువన రెండు డిగ్రీల పైచిలుకు చలికే పదింట ఒకటి పోతుంది, నాలుగు డిగ్రీలకు పదింట తొమ్మిది పోతాయి. ఇవన్నీ అరగంటసేపు ఆ చలి నిలిస్తే జరిగే నష్టానికి పండ్లతోటల వారు వాడుకునే కొలతలు. దీన్నిబట్టి, వెండికొస దశలో ఉన్న మీ ఆపిల్‌కు ఈ వారం గండం లేదు. అసలు గండం పూత విచ్చాక వచ్చే చిన్న చలితో ఉంటుంది, అప్పుడు జాగ్రత్త పడండి.

మాగ్నోలియాకు నూగుపొరే కవచం. పొర మూసి ఉన్నంతకాలం దానికి భయం లేదు. పొర చిట్లి తెలుపు కనిపించాక ఆ రేకులకు సున్నాకు దిగువన ఒకటి రెండు డిగ్రీల చలి కూడా ప్రమాదమే, ఒక్క రాత్రిలో తడిసిన కాగితంలా మెత్తబడి గోధుమరంగుకు మారిపోతాయి. పైగా మీ చెట్టు తూర్పు గోడ పక్కన ఉందన్నారు. రాత్రంతా గడ్డకట్టిన రేకుల మీద పొద్దుటి ఎండ నేరుగా పడితే అవి ఒక్కసారిగా కరుగుతాయి, నిదానంగా కరిగినప్పటి కన్నా అప్పుడు నష్టం ఎక్కువ. కమేలియా అనే పూలపొదను తూర్పు ముఖంగా నాటవద్దని తోటమాలులు చెప్పేది ఇందుకే. చెట్టు చిన్నదైతే, అంటే నిచ్చెన అవసరం లేకుండా చేతికి అందేదైతే, కప్పు వేయండి. పెద్దదైతే ఆ పూలమీద ఆశ వదులుకోవడమే మేలు. చెట్టుకు ప్రాణాపాయం ఏమీ లేదు, ఈ ఏటి అందం మాత్రమే పోతుంది.

కప్పు వేయడంలో ఒక కిటుకు ఉంది. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది, తెల్లమంచు పేరుకునేది అప్పుడే. ఇలాంటి రాత్రి కప్పు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది మొక్కకు వేడి ఇవ్వదు, నేల వదిలే వేడిని పోకుండా ఆపుతుంది. అందుచేత గుడ్డ నేల దాకా దిగి ఉండాలి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. కొమ్మల తలపై టోపీలా చుట్టి కాండానికి కట్టేస్తే ఏమీ ప్రయోజనం ఉండదు. పొద్దు వాలకముందే, నేలలో వేడి ఇంకా మిగిలి ఉండగానే వేయాలి. ప్లాస్టిక్ కాగితమైతే మొగ్గలకు తగలకుండా కర్రలు పాతి దాని మీద పరచాలి, తగిలిన చోట అది చలిని నేరుగా మొగ్గకు అందిస్తుంది. మర్నాడు చలి విడిచాక తీసేయాలి. అలా కాక చల్లని గాలి హోరున వీస్తూ వచ్చే గడ్డకట్టే చలి అయితే గుడ్డతో ఒరిగేది తక్కువ, గాలికి అది ఎగిరి మొగ్గలను రాల్చడమే ఎక్కువ.

ఇంకొక మాట. వాతావరణ సూచనలో చెప్పే ఉష్ణోగ్రతను మనిషి ఛాతీ ఎత్తుకు అటూ ఇటూగా కొలుస్తారు. నిర్మలమైన రాత్రి గడ్డి మీద అంతకన్నా కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. కనుక సూచనలో 2 డిగ్రీలు అని ఉన్నా నేలమీద మంచు పడవచ్చు. చల్లగాలి బరువు కాబట్టి వాలు నేలలో కిందికి జారి, కంచె అడ్డుపడిన చోట మడుగు కడుతుంది. మీ తోటలో అలాంటి పల్లం ఎక్కడుందో ఈ వారం పొద్దున్నే తెల్లమంచు ఆనవాళ్లను బట్టి మీకే తెలుస్తుంది.

ప్రశ్న కొనసాగింపు: కొత్తతోట

ఇద్దరికీ ధన్యవాదాలు. మాగ్నోలియా నా తలకన్నా కొంచెం ఎత్తు మాత్రమే, కాబట్టి కర్రలు పాతి గుడ్డ వేస్తాను. మరొక్క సందేహం. చెట్లు ఇలా ముందుగా మేలుకోకుండా చేసే మార్గం ఏదైనా ఉందా? మొదళ్ల చుట్టూ ఎండుటాకులు మందంగా పరిస్తే నేల చల్లగా ఉండి పూత ఆలస్యమవుతుందని ఎవరో చెప్పారు. అలాగే, నడి చలికాలంలో వచ్చిన వెచ్చదనానికి ఏ మొక్కా కదలలేదు గాని, ఇప్పటి వెచ్చదనానికి అన్నీ ఒక్కసారి లేచాయి. ఈ తేడా ఎందుకో అర్థం కాలేదు.

సమాధానం: పూతపుస్తకం

తేడా ఎందుకంటే, చెట్టుకు నిద్ర రెండు దశల్లో ఉంటుంది. మొదటి దశలో ఎంత వెచ్చబడినా మొగ్గ కదలదు, దానికి ముందు చలి మొత్తం ఖాతాలో పడాలి. చాలా ఆపిల్ రకాలకు 7 డిగ్రీల లోపు చలి 800 నుంచి 1000 గంటలు కావాలని లెక్క. కొన్ని రకాలకు అంతకన్నా చాలా తక్కువే సరిపోతుంది. ఆ ఖాతా నిండాక రెండో దశ మొదలవుతుంది. అప్పుడు మొగ్గను ఆపేది బయటి చలి ఒక్కటే, ఆ చలి తగ్గగానే అది ఉబ్బడం మొదలుపెడుతుంది. మీరు నడి చలికాలంలో చూసినది మొదటి దశ, ఇప్పుడు చూస్తున్నది రెండోది. ట్యులిప్ దుంపకు కూడా 12 నుంచి 16 వారాల చలి పడనిదే కాడ సరిగ్గా సాగదు.

ఎండుటాకుల విషయంలో ఆ మాట చెప్పినవారు సగం నిజమే చెప్పారు. దుంపలకు అది పనిచేస్తుంది. నేల బాగా చల్లబడిన తరువాత పరిచిన ఆకులు ఆ చల్లదనాన్ని నిలబెడతాయి, మాటిమాటికీ కరిగి గడ్డకట్టే నేల దుంపలను పైకి నెట్టకుండా కూడా కాపాడతాయి. చెట్లకు మాత్రం అది పెద్దగా పనిచేయదు, ఎందుకంటే కొమ్మ మీది మొగ్గ తన చుట్టూ ఉన్న గాలి వేడిని చూసి కదులుతుంది, వేరు దగ్గరి నేలను చూసి కాదు. పూత ఆలస్యం కావాలంటే ఆలస్యంగా పూసే రకాన్ని ఎంచుకోవడం, ఎండ వేడిని నిలవచేసే గోడకు దూరంగా నాటడం, ఈ రెండే నమ్మదగిన దారులు. మీ మాగ్నోలియాను నాటినవారు గోడ వెచ్చదనం చెట్టుకు మంచిదనుకుని ఉంటారు. ఆ గోడే దానిని అందరికన్నా ముందు లేపుతోంది.

ఇది మీ తోట ఒక్కదాని సమస్య కాదు. 2012 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎండాకాలంలా వేడెక్కి పండ్లచెట్లన్నీ వారాల ముందు పూతకు వచ్చాయి. ఏప్రిల్‌లో వరుసగా పడిన మంచుకు అక్కడి పుల్ల చెర్రీ పంటలో సుమారు 90 శాతం పోయింది. 2017లో వాషింగ్టన్ నగరంలో వెచ్చని ఫిబ్రవరి తరువాత మార్చి నడుమ గడ్డకట్టే చలి వచ్చి, ప్రసిద్ధమైన యోషినో రకం చెర్రీ పూతలో సగం దాకా మాడిపోయింది. రెండు చోట్లా నష్టం తెచ్చింది వెచ్చదనం ముందు, చలి తరువాత వచ్చిన వరుసే. అదే చలి మొగ్గలు మూసి ఉండగా వచ్చి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

పూత తేదీలు రాసిపెట్టుకునే అలవాటు మాత్రం చాలా పాతది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు 812వ సంవత్సరం నుంచి పాత దినచర్య పుస్తకాల్లో, వృత్తాంతాల్లో అక్కడక్కడా దొరుకుతాయి. 2021లో అక్కడ మార్చి 26న పూత నిండుకు వచ్చింది, పన్నెండు వందల ఏళ్ల ఆ లెక్కల్లో అంతకన్నా ముందు తేదీ అప్పటికి లేదు. ఇంగ్లాండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో స్నోడ్రాప్ పూత, చెట్ల చిగురు, కప్పల అరుపు వంటివి రాయడం మొదలుపెడితే, ఆయన వంశస్థులు ఇరవయ్యో శతాబ్దం దాకా దాన్ని కొనసాగించారు. మీరు కూడా మొగ్గ చిట్లిన తేదీని, ఆ ఏడు చివరిసారి తెల్లమంచు పడిన తేదీని పక్కపక్కన రాసి ఉంచండి. పది మంది సలహాల కన్నా, మీ గోడకూ మీ పల్లానికీ ఆ రెండు వరుసలే ఎక్కువ పనికివస్తాయి.

సమాధానం: దుంపలపిచ్చి

నీళ్ల ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. నేల ఎండిపోయి ఉంటే చలికి ముందురోజు మధ్యాహ్నం తడపండి. తడి నేల పగటి వేడిని పొడి నేల కన్నా ఎక్కువ నిలవచేసుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. ఇప్పటికే తడిగా ఉంటే ఇంకా పోయడంలో లాభం లేదు. కుండీలకు మాత్రం పోయకండి, పళ్లెంలో నిలిచిన నీటిని కూడా పారబోయండి. పూత మీద రాత్రంతా నీళ్లు చిమ్మి కాపాడే పద్ధతి పెద్ద పండ్లతోటల్లో ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి మొగ్గను సున్నా దగ్గర నిలబెడుతుంది. అయితే చిమ్మడం మొదలుపెడితే మంచు కరిగేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే ఆవిరయ్యే నీరు మొగ్గ వేడిని లాగేసుకుని అసలు చేయకపోయిన దానికన్నా కీడు చేస్తుంది. మంచు బరువుకు కొమ్మలు కూడా విరుగుతాయి. ఇంటితోటలో ఆ జోలికి పోవద్దు.

కొత్తతోట

చలి వచ్చి వెళ్లింది కాబట్టి ఏం జరిగిందో చెబుతున్నాను. స్నోడ్రాప్‌లు మీరు చెప్పినట్టే ఉదయం పడుకుని మధ్యాహ్నం లేచాయి. డాఫడిల్ ఆకుల కొసలు కొద్దిగా మాడాయి, మొగ్గలు బాగున్నాయి. మాగ్నోలియాకు గుడ్డ కింద ఉన్న మొగ్గలు తెల్లగానే ఉన్నాయి. గుడ్డ చాలక బయట మిగిలిపోయిన పై కొమ్మల్లో తెలుపు కనిపించిన మొగ్గలన్నీ గోధుమరంగుకు తిరిగాయి గాని, వాటి పక్కనే నూగుపొర ఇంకా విప్పని మొగ్గలు చెక్కుచెదరలేదు. ఆ మాడిన కొమ్మలను ఇప్పుడే కత్తిరించమంటారా? కోలుకోవడానికి ఎరువు వేయమంటారా?

సమాధానం: పండ్లచెట్టు

రెండూ వద్దు. మాడినవి రేకులే, కొమ్మ కాదు. అవి వాటంతట అవే రాలిపోతాయి, కంటికి ఇబ్బందిగా ఉంటే చేత్తో తుంచేయండి. ఇప్పుడు కొమ్మ కత్తిరిస్తే ఇంకా విప్పని ఆ మంచి మొగ్గలు కూడా పోతాయి. కత్తిరింపు ఏదైనా ఉంటే పూత పూర్తయిన వెంటనే, కొద్దిగా చేయాలి. రాబోయే ఏడాది పూమొగ్గలు ఈ వేసవిలోనే ఏర్పడతాయి కాబట్టి అంతకు మించి ఆలస్యం చేయకూడదు. నత్రజని ఎరువు వేస్తే లేత చిగురు తొందరగా వస్తుంది, తరువాతి చలికి ముందు బలి అయ్యేది ఆ చిగురే. డాఫడిల్ ఆకుల కొసలను కూడా అందంకోసం కత్తిరించకండి. పూలు వాడాక కనీసం ఆరు వారాలపాటు ఆ ఆకులు పచ్చగా ఉండాలి, వచ్చే ఏటి పువ్వు దుంపలో తయారయ్యేది ఆ తిండితోనే. ఆపిల్ మొగ్గల్లో గులాబీరంగు కనిపించిన రోజు నుంచి రాత్రి ఉష్ణోగ్రతల మీద ఒక కన్ను వేసి ఉంచండి, మాగ్నోలియా గుడ్డను ఉతికి మడిచి అందుబాటులోనే పెట్టుకోండి.